ఉయ్యాలలో బియ్యం మూట

“ఎదర నుండి బండొచ్చిందంటే నాకు సేతులు వొణుకుతాయిరా. ఎటు తిప్పాలో తెలీదు.”

నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్న కాలేజీ కుర్రాడు ఈ మాట అంటే పట్టించుకోనక్కర్లేదు. అన్నవాడు బొంతు ఏబెల్. ఖరగ్‌పూర్ నుంచి భద్రక్ దాకా బొగ్గు, ఇనుపరాయి నింపిన గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్. ఇంజనులో కూర్చుని వెనక్కి తొంగి చూస్తే చివరి వ్యాగను కనిపించనంత పొడవు బండి నడుపుతాడు. అలాంటి మనిషి ఖరగ్‌పూర్ ఇందా బజారులో ఖాళీ టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఒకటి ఎదురొస్తే కారు ఆపి, దిగి, రెండు చేతులతో దానికి దారి చూపించి, అది కనుమరుగయ్యాక మళ్ళీ ఎక్కాడు. టోటోవాడు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. మఫ్టీలో ఉన్న ట్రాఫిక్ పోలీసు అనుకున్నట్టున్నాడు.

ఏబెల్ తరఫున ఒక మాట చెప్పాలి. రైలింజనుకు స్టీరింగు ఉండదు. పట్టాలు ఎటు పోతే బండి అటు పోతుంది. ఎదురొచ్చే రైలు దాని పట్టాల మీద అది వస్తుంది, మన మీదికి రాదు. ముందు సిగ్నల్ చూసుకోవాలి, వేగం చూసుకోవాలి, ఆపాల్సిన చోట ఆపాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఎన్ని వేల కిలోమీటర్లు పోయాడో గాని, ఒక్కసారి కూడా ఎటూ తిప్పలేదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఊరుకుంటే బాగుండేది. కాని మనవాడు మా రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో కనిపించిన ప్రతివాడికీ, రైలు నడిపినవాడికి కారు ఒక లెక్కా అని చెప్పుకు తిరిగాడు. ఆ తర్వాతే కారు కొన్నాడు.

కారు పాతది, ఆకుపచ్చది. ఆ రంగు నచ్చక దాన్ని చాలా మంది చూసి వదిలేశారు. ఏబెల్ రంగు చూసే కొన్నాడు. డ్రైవరనేవాడు జీవితమంతా ఆ రంగు కోసమే కళ్ళు చిట్లించుకుని చూస్తాడట. ఇక ఎరుపంటే వేరే కథ. ఎర్ర సిగ్నల్ దాటిన డ్రైవరుకు ఉద్యోగం ఉండదు. దీపం, జెండా, గుడ్డ, ఏదైనా సరే, ఎరుపు కనిపిస్తే ముందు ఆపాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఈ నియమం ఏబెల్‌కు ఎముకల్లోకి పోయింది. చర్చిలో పెళ్ళి గనక తెల్ల చీర కట్టారు, ఎర్ర చీరైతే పెళ్ళికూతురికి పది అడుగుల దూరంలోనే నిలబడిపోయేవాడని మా కాలనీలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఆ పెళ్ళికూతురు జెన్నిఫర్ పురిటికి భీమిలిలో పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల నిండగానే తల్లీబిడ్డలను ఇంటికి తెచ్చుకోవాలి. మామూలుగా అయితే ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. మా రైల్వే కుటుంబాలకు పాసుంటుంది, పాసు మీద బెర్తు ఉంటుంది. రెండు బెర్తుల మధ్య చీర కట్టి, అందులో పసివాణ్ణి పడుకోబెట్టి తీసుకొస్తారు. ఏబెల్‌ని వాళ్ళ నాన్న అలాగే తెచ్చాడు. నన్నూ మా నాన్న అలాగే తెచ్చాడు. మా కాలనీలో పుట్టిన వాళ్ళెవరూ టిక్కెట్టు కొని రైలెక్కలేదు, రైలు కాకుండా మరొకటి ఎక్కి సొంతూరికి పోలేదు.

ఏబెల్‌కు ఇక్కడే పట్టుదల వచ్చింది. “పాసు మీద పుట్టినాం, పాసు మీద పెరిగినాం. నా కూతురు నా బండిలో వొస్తాది,” అన్నాడు. సముద్రం పక్కనుంచే దారి. చాందీపూర్‌లో ఒక రాత్రి, గోపాల్‌పూర్‌లో ఒక రాత్రి, తర్వాత భీమిలి. తిరుగు ప్రయాణంలో కూతురికి అన్ని బీచీలూ చూపిస్తాడట. మూడు నెలల పిల్లకు.

జెన్నిఫర్ కాదనలేదు, సరేననీ అనలేదు. నాకు ఫోన్ చేసింది. “అన్నయ్యా, మీరు ఆయనతో రండి. మొదటి రోజు సాయంత్రం నాకు ఒక్క మాట సెప్పండి. మీ పాపని ఆ బండిలో ఎక్కిస్తారా, ఎక్కించరా. మీరు ఎక్కిస్తానంటే నేనూ ఎక్కుతాను. లేదంటే రైలే.”

నన్నే ఎందుకు అడిగిందంటే, నాకన్నా ఎక్కువ భయపడే తండ్రి ఖరగ్‌పూర్‌లో దొరకడు గనక. నేను ఇందాలో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతాను. నాకు రెండేళ్ళ కూతురు. ద్రాక్షపండు నాలుగు ముక్కలు చేయకుండా దాని నోట్లో పెట్టను. కాలనీలో ఇది అందరికీ తెలుసు. ప్రయాణం సంగతి చెబితే నా భార్య కిరణ్మయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వెళ్ళి రండి, పిల్ల నాలుగు రోజులు కాస్త మట్టిలో ఆడుకుంటుంది అంది.

అలా ఏబెల్ కూతురు ఏ బండిలో ఇంటికి రావాలన్నది నా ఒక్క మాట మీద పడింది. ఏబెల్ ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు ప్రతి సాయంత్రం వేడి వేడి బంగాళదుంప చాప్‌లు తెచ్చిపెట్టడం మొదలెట్టాడు.

సన్నాహాలు కూడా రైల్వే పద్ధతిలోనే జరిగాయి. కొత్త లైను మీద బండి నడపాలంటే డ్రైవరు ముందు వేరే డ్రైవరు పక్కన కూర్చుని ఆ దారి నేర్చుకోవాలి. ఏబెల్ సెలవు పెట్టి, జలేశ్వర్ వెళ్ళే బస్సులో డ్రైవరు వెనక సీటులో కూర్చుని పోయి వచ్చాడు. గుంటలూ మలుపులూ గుర్తుపెట్టుకున్నాడు. ఫోన్లో మ్యాపు ఉంది కదరా అంటే, ఆ ఆడగొంతు చెప్పినట్టల్లా బండి తిప్పడానికి అదేమైనా రైల్వే కంట్రోలరా అని కోప్పడ్డాడు.

సరస్వతీ పూజకు వారం ముందు, ఒక చలి ఉదయం బయలుదేరాం. నేను వాళ్ళ క్వార్టరు దగ్గరికి వెళ్ళేసరికి వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. స్టేషనుకు వెళ్ళి సాగనంపడం మా వాళ్ళకు అలవాటు. కారుకు స్టేషను లేదు కాబట్టి స్టేషనే ఇంటికొచ్చింది. పులిహోర ఒకరు, అరిసెలు ఒకరు, బాలాసోర్‌లో తమ చెల్లెలికి ఇవ్వమని ఊరగాయ జాడీ ఒకరు తెచ్చారు. డిక్కీలో ఏబెల్ లైన్ బాక్సు ఉంది. డ్రైవర్లు డ్యూటీకి మోసుకుపోయే ఇనప్పెట్టె అది. ఇప్పుడు ఎవరూ వాడడం లేదు. వాళ్ళ నాన్నది. తండ్రి పేరు మీద తెల్లరంగు పూసి తన పేరు రాయించుకున్నాడు.

వెనక తలుపు తీసి చూశాను. కిటికీల పైన ఉండే పిడులకు రెండు వైపులా కట్టి, సీటు మీదుగా వాళ్ళమ్మ పాత నేత చీర ఉయ్యాల వేలాడుతోంది. అందులో ఒక బియ్యం మూట, మీద చిన్న ఉన్ని దుప్పటి.

ఏటిరా ఇది అని అడిగాను. పిల్ల బరువెంతో జెన్నిఫర్‌ని ఫోన్లో అడిగి, సరిగ్గా అంత బియ్యం తూయించానని గర్వంగా చెప్పాడు. పోయేటప్పుడు బియ్యం, వచ్చేటప్పుడు పిల్ల. ట్రయల్ రన్ అన్నమాట. పసిపిల్లల కోసం బెల్టులున్న సీటు దొరుకుతుంది, మా పాపకు కొన్నాను, అది బిగించుకో అని చెప్పాను. లోలకం గురించి, బండి ఆగినా ఆగని వేగం గురించి, వీధిలో అందరి ముందూ నాకు వచ్చిన భౌతికశాస్త్రమంతా చెప్పాను. వాళ్ళమ్మ ఎలీసమ్మ శ్రద్ధగా విని, నా బుగ్గ పట్టుకుంది.

“నిన్నూ ఈణ్ణీ ఉయ్యాల్లోనే తెచ్చినాం నాయనా. పడిపోయినారేటి?”

రైలు అలా ఠక్కున ఆగదమ్మా అన్నాను. మా ఏబెలు కూడా ఆపడు అంది. తర్వాత కారు ముందు భాగం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చక్రాల కోసం, నూనె కోసం, దారిలో తాగుబోతుల మనసు మారడం కోసం, చివర్న నా భయం తగ్గడం కోసం. ఆమెన్ అన్నాక కూడా బండి కదల్లేదు. ఏబెల్ స్టీరింగు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు గాని వాళ్ళమ్మకు అర్థమైంది. లోపలికెళ్ళి ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తెచ్చి ఊపింది. ఏబెల్ పొడుగ్గా హారన్ కొట్టి బండి తీశాడు.

చౌరంగీ కూడలి దాటి హైవే ఎక్కేలోపే నా ఉద్యోగం ఏమిటో తెలిసింది. నేను అసిస్టెంటు. రైలింజనులో సిగ్నల్ కనిపించగానే అసిస్టెంటు పైకి చెప్పాలి, డ్రైవరు తానూ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. దీన్నే సిగ్నల్ పిలవడం అంటారు. ఒకరు నిద్రలో ఉన్నా, ఒకరు పొరబడినా తెలిసిపోతుంది. రోడ్డు మీద సిగ్నళ్ళు లేవు కాబట్టి కనిపించిందల్లా చెప్పమన్నాడు.

“ఆవు,” అంటాను.

“ఆవు,” అంటాడు.

“సైకిలు మీద ఇద్దరు.”

“సైకిలు మీద ఇద్దరు.”

“గుంట.”

“గుంట,” అని, ఆ గుంటలోనే దిగేవాడు. చెప్పడం వేరు, తిప్పడం వేరు. రెండోది అతని సర్వీసులో లేదు.

నారాయణ్‌గఢ్ దగ్గర ఇనుప కడ్డీల లారీ ఒకటి మా ముందుకొచ్చింది. కడ్డీలు వెనక్కి పొడుచుకొచ్చి ఉన్నాయి, చివర ఎర్ర గుడ్డ కట్టి ఉంది. ఏబెల్ వేగం తగ్గించాడు. లారీ తగ్గిస్తే ఇంకా తగ్గించాడు. పక్క వరస మొత్తం ఖాళీ. బస్సులు, మోటారు సైకిళ్ళు, చివరికి గడ్డి వేసుకున్న ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటిపోయాయి. దాటిపో అని నేను అడిగాను, బతిమాలాను, తిట్టాను. ముందు పోతున్న బండిని దాటిపోవడమనే ఆలోచనే తప్పన్నట్టు నా వైపు చూశాడు. ముందు బండి తోక కనిపించిందంటే మనం పోకూడని చోటికి పోయినట్టే అన్నాడు. ఆ లెక్కన హైవే మీద ఉన్నవాళ్ళంతా సస్పెండ్ కావాలి. బెల్దాలో లారీవాడు భోజనానికి ఆగితే మేమూ వెనక ఆగాం. వాడు తిని వచ్చి, మేము ఇంకా ఉండడం చూసి, దాదా, ఏమైనా కావాలా అని బెంగాలీలో అడిగాడు. చివరికి జాలిపడి లారీని పూర్తిగా రోడ్డు దింపి, మమ్మల్ని ముందు పొమ్మన్నాడు. ఏబెల్ హారన్ కొట్టి అతనికి సలాం చేశాడు.

దాంతన్ దగ్గర సరస్వతీ పూజ చందా కోసం క్లబ్బు వాళ్ళు రోడ్డుకు అడ్డంగా ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళని చూడగానే బండ్లన్నీ వేగం పెంచి పక్కనుంచి దూసుకుపోతున్నాయి. అలా పోతాయని తెలిసే, వాళ్ళూ ఊరికే జెండా ఊపుతున్నారు. మేము మాత్రం జెండాకు మూరెడు దూరంలో ఆగాం. ఇంజను ఆపి, బ్రేకు వేసి, ఏబెల్ దిగి, జెండా ఎందుకు చూపించారని అధికారపూర్వకంగా అడిగాడు. ఆ రోజు నిజంగా ఆగిన మొదటి బండి మాదేనట. చందా తీసుకుని ప్రసాదం పెట్టి, మా ఇద్దరితో ఫోటో కూడా దిగారు.

ఇంతసేపూ నా కళ్ళు బియ్యం మూట మీదే ఉన్నాయి. బండి కదిలినప్పుడల్లా ఉయ్యాల ఊగుతోంది. దుప్పటి జారితే నేను వెనక్కి వంగి కప్పుతున్నాను. బియ్యానికి చలేస్తుందని కాదు, చెయ్యి దానంతటదే పోతోంది. ఏబెల్ అది చూసి నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు.

“ఎక్కిస్తానని ఒక్క మాట అనీరా. నాను ఇంకేటీ అడగను. మా నాన్న నలబై ఏళ్ళు బండ్లు నడిపినాడు, సొంతంగా సైకిలు కూడా కొనలేదు. నా కూతురు నా బండిలోంచి దిగితే మా అమ్మ సూడాల.”

ఎదురుగా గొర్రెలు కనిపిస్తే గొర్రెలు అన్నాను. గొర్రెలు అన్నాడు.

జలేశ్వర్ దాటాం. ఈ దారంతా రైలు లైనుకు కాస్త అటూ ఇటూగానే పోతుంది. బస్తా ఎక్కడ, రూప్సా ఎక్కడ అని ఏబెల్ పట్టాల వైపు నుంచి చెప్పగలడు. అదే ఊరు రోడ్డు వైపు నుంచి చూస్తే గుర్తుపట్టలేడు. మనుషుల్ని ఎప్పుడూ వీపు వైపు నుంచే చూసినవాడిలా ఉంది అతని సంగతి. అయినా అప్పటికి చెయ్యి కొంచెం కుదిరింది. వేగం కూడా పెరిగింది. ఫర్వాలేదేమో, సాయంత్రం ఫోన్లో ఏదో ఒకటి మెల్లగా చెప్పొచ్చేమో అని నేనూ అనుకోవడం మొదలెట్టాను.

ఎడమ పక్క ఒక ధాబా వచ్చింది. దాని యజమాని గుమ్మంలోకి వచ్చి, బల్ల తుడిచిన ఎర్ర గమ్‌ఛా తువ్వాలు రోడ్డు వైపు దులిపాడు. రెండుసార్లు, బాగా గట్టిగా.

ఏబెల్ బ్రేకు తొక్కాడు. మామూలుగా కాదు, బతుకంతా ఆ బ్రేకు మీదే ఉన్నట్టు తొక్కాడు. నా బెల్టు నన్ను పట్టేసింది. నా చెవి పక్కనుంచి ఏదో పోయింది. అదే క్షణం వెనక నుంచి బస్సు హారన్, చక్రాలు కీచుమన్న చప్పుడు. కారుకీ బస్సుకీ మధ్య కాగితం పట్టేంత ఖాళీతో బస్సు పక్కకు కోసుకుంటూ పోయింది. మా పక్క అద్దం దానితో పాటే పోయింది. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ మా ఇద్దరి వంశాలనూ ఒడియాలో పలకరించాడు.

కారు ముందు భాగమంతా బియ్యం. మూట ఉయ్యాలలోంచి ఎగిరి, మా ఇద్దరి సీట్ల మధ్యనుంచి వెళ్ళి, ముందు అద్దం కింద తగిలి పిగిలింది. అద్దం మీదినుంచి గింజలు ఇంకా ఒక్కొక్కటే జారుతున్నాయి. వెనక ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది.

కారు పక్కకు తీసి ధాబాలో కూర్చున్నాం. గమ్‌ఛా యజమాని ఏమీ అడగకుండా టీ తెచ్చిపెట్టాడు. నా నోరు ఆగలేదు. పిల్ల అందులో ఉండుంటే తల ఎటు తగిలేది, అంత వేగానికి ఎంత బలం, మెడ ఎముక ఎంత మెత్తగా ఉంటుంది, బస్సు ఇంకొక్క అడుగు ఇటు జరిగుంటే ఎవరి మీద ఎవరు పడేవాళ్ళం, ఇలా చెబుతూనే ఉన్నాను. ఏబెల్ తల వంచుకుని కాసేపు విన్నాడు. తర్వాత బల్ల మీద అరచేతితో మెల్లగా తట్టాడు.

“ఆపు. జరిగింది సెప్పు.”

అతనికి ఏం కావాలో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అదే అన్నాడు. డ్యూటీలో ఏదైనా అయితే ముందు ఇదే చేస్తారట. అసిస్టెంటు చూసింది చెబుతాడు, డ్రైవరు ఒప్పుకుంటే తిరిగి చెబుతాడు.

“ఎర్ర గుడ్డ దులిపినాడు,” అన్నాను.

“ఎర్ర గుడ్డ దులిపినాడు.”

“నువ్వు బ్రేకు తొక్కినావు.”

“బ్రేకు తొక్కినాను.”

“బియ్యం మూట ఎగిరింది.”

“ఎగిరింది.”

“వెనక బస్సుంది.”

దీనికి మాత్రం తిరిగి చెప్పలేదు. తల తిప్పి కారు వైపు చూశాడు. నేనూ అటే చూశాను. లోపలి అద్దం పూర్తిగా డ్రైవరు మొహం వైపు తిప్పి ఉంది, పొద్దున్న అతను తల దువ్వుకున్నప్పుడు తిప్పుకున్నట్టే. పొద్దున్నుంచీ దాన్ని ఎవరూ సరిచేయలేదు. నేను ముందున్న ఆవులన్నీ చెప్పాను గాని, వెనక ఏముందో ఒక్కసారి కూడా చెప్పలేదు. అతనూ అడగలేదు.

“ఎనకాల గార్డు సూసుకుంటాడు,” అన్నాడు చివరికి. “అలగ అలవాటు. గార్డు లేకుండా బండి తీసినానురా.”

గూడ్సు బండికి వెనక గార్డు పెట్టెలో ఒక మనిషి ఉంటాడు. వెనక వచ్చేదీ పోయేదీ అతని బాధ్యత. ముందువాడు వెనక్కి చూడాల్సిన పనే లేదు. ఎరుపు చూసి ఆగినా వెనక నుంచి ఎవరూ వచ్చి గుద్దరు, ఆ లైను మీదికి ఇంకో బండిని రానివ్వరు. అంత పక్కా ఏర్పాటులో బతికినవాణ్ణి తీసుకొచ్చి, ఒడిశా ప్రైవేటు బస్సుల ముందు కూర్చోబెడితే ఇదే జరుగుతుంది. ఇదంతా నేను అతన్ని సమర్థిస్తూ చెప్పడం లేదు. ఆ పూట అతన్ని ఆ ధాబాలోనే వదిలేసి రైలెక్కి ఇంటికి పోవాలనిపించింది.

యజమాని ఇచ్చిన గిన్నెలోకి బియ్యం ఎత్తుకున్నాం. ఉయ్యాల విప్పి మడతపెట్టింది ఏబెలే. లోపలి అద్దం సరిచేసింది నేను. అక్కణ్ణుంచి నేను వెనక సీటులో, వెనక అద్దం వైపు తిరిగి కూర్చున్నాను. చాందీపూర్ దాకా లారీ వస్తోంది, బైకు దాటుతోంది అని చెబుతూ పోయాను. ముందున్న గుంటల్లో మాత్రం ఏ లోటూ లేకుండా పడ్డాం.

చాందీపూర్ లాడ్జిలో ఏబెల్ లైన్ బాక్సు తెరిచి, పప్పు, ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు, ఆ బియ్యం తీసి మేనేజరు బల్ల మీద పెట్టాడు. డ్రైవర్లు దిగే రన్నింగ్ రూముల్లో ఎవరి సరుకు వాళ్ళిస్తే వండిపెడతారు. లాడ్జి మేనేజరు ముందు కంగారుపడి, తర్వాత అవమానపడి, చివరికి వండించాడు.

అన్నం ఉడికేలోపు సముద్రం చూద్దామని వెళ్ళాం. సముద్రం లేదు. అక్కడ ఆటుకు నీళ్ళు మైళ్ళ దూరం వెనక్కి పోతాయని నేను చదువుకున్నవాణ్ణే. చదువుకున్నది ఒక్కటీ ఆ క్షణం పనికిరాలేదు. కళ్ళ ముందు తడి ఇసుక తప్ప ఏమీ లేకపోయేసరికి, సునామీకి ముందు ఇలాగే నీళ్ళు వెనక్కి పోతాయని, మనం వెంటనే పైకి వెళ్ళాలని మొదలుపెట్టాను. ఏబెల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఏటి అగుపడుతోంది?”

“ఇసుక,” అన్నాను.

“ఇసుక. ఇంకేటి?”

“పీతలు.”

“పీతలు,” అన్నాడు, అని అక్కడే ఆగిపోయాడు. ఎర్ర పీతలు. వాటిని దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. పొద్దున్నుంచీ మొదటిసారి ఇద్దరం నవ్వాం. నవ్వు అయ్యాక, ఇసుక వైపు చూస్తూనే చెప్పాడు.

“ఒక అసిస్టెంటు ఉండీవాడు నాకు. సిగ్నల్ అగుపడకముందే రెడ్డు, రెడ్డు అని అరిసీవాడు, భయంతో. ఆడు నిజంగా రెడ్డు పిలిసిన రోజు నాను ఇనలేదు. దేవుడి దయ, ఆగినాం. నువ్వూ అలగేరా. అగుపడింది పిలు. అగుపడనిది పిలవకు.”

అప్పుడే జెన్నిఫర్ ఫోన్ వచ్చింది, నాకే. తీసి, చెప్పమ్మా అన్నాను. నా జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. పక్కన నిలబడినవాడి మొహం వైపు చూశాను. ఏబెల్ చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చాను.

గుడ్డ, బ్రేకు, మూట, బస్సు, ఏదీ దాచలేదు. ఒకదాని తర్వాత ఒకటి, నేను ధాబాలో చెప్పిన వరసలోనే చెప్పాడు. “గార్డు లేకుండా బండి తీసినాను, జెన్నీ. పిల్లని నువ్వు రైల్లో తెచ్చీ,” అన్నాడు. స్పీకరు పెట్టకపోయినా ఆమె తర్వాత అన్నది నాకు స్పష్టంగా వినిపించింది.

“బియ్యం ఏటి సేసినారు?”

“వొండిస్తన్నాం.”

“తినీగలరా?”

ఏబెల్ పిల్లను రైల్లోనే తెమ్మని మళ్ళీ అన్నాడు. సరే, మేం రైల్లో వస్తాం, కారు తీసుకొచ్చి సముద్రం చూసుకుని పోండి అంది. రైల్లో వస్తారు అని తిరిగి చెప్పి, ఫోన్ నాకిచ్చాడు. ఆమె నన్ను ఏమీ అడగలేదు. నా తీర్పు కోసం ఇన్నాళ్ళు చాప్‌లు తినిపించినవాడు, తీర్పు తనే ఇచ్చేసుకున్నాడు. ఆ రాత్రి ఆ అన్నం అతను తిన్నాడు. నేను పులిహోర తిన్నాను.

మిగిలిన దారి సంగతి ఇక్కడ అక్కర్లేదు. ఊరగాయ జాడీ బాలాసోర్‌లో ఇవ్వడం మర్చిపోయాం, అది భీమిలి చూసి వచ్చింది. పిల్ల పాసు మీద, కింది బెర్తుల మధ్య, చీర ఉయ్యాలలో ఖరగ్‌పూర్ వచ్చింది. వీధంతా స్టేషనుకు వెళ్ళి దించుకున్నారు. కారులో అప్పుడే వచ్చి చేరిన ఏబెల్ ఆ గుంపులో అందరికన్నా వెనక నిలబడ్డాడు. కారులో వస్తాదన్న నీ కూతురేదిరా అని ఎవరో అడిగితే, రైలు తనకన్నా ముందు చేరిందని ఒప్పుకున్నాడు.

ఆకుపచ్చ కారు ఇప్పుడు ట్రాఫిక్ సెటిల్‌మెంట్ నుంచి ఇందా దాకా మాత్రమే తిరుగుతుంది. మా పాప పాత సీటు వెనక బెల్టులతో బిగించి ఉంది, పిల్ల అందులో కూర్చుంటుంది. పక్కన జెన్నిఫర్ వెనక్కి తిరిగి కూర్చుని, వెనక ఏమొస్తోందో చెబుతుంది. వాళ్ళమ్మ గుమ్మంలోంచి ఆకుపచ్చ గుడ్డ ఊపితేగాని బండి కదలదు. ఇందా బజారులో వాళ్ళని దాటి టోటోలు కూడా పోతుంటాయి.

మొన్న చలికి మా పాప దగ్గింది. ఇంతకుముందైతే న్యుమోనియా దగ్గర మొదలెట్టేవాణ్ణి. మంచం పక్కన కూర్చుని, “దగ్గింది,” అన్నాను. వంటింట్లోంచి కిరణ్మయి, “దగ్గింది,” అంది. తర్వాత థర్మామీటరు చూసి, జ్వరం లేదు అన్నాను. జ్వరం లేదు అంది. ఆ తర్వాత ఇంకేదో అనబోయాను. ఇంకేమీ అగుపడలేదు. అందుకని పిలవలేదు.